పేరు చెక్కిన దిమ్మ

గెడ్డపేట కంచరి వీధిలో సన్యాసాచారి చేతికి పని తప్పిపోయి ఏడేళ్ళయింది. తప్పించినది మనిషీ కాదు, కరువూ కాదు. అరచేతిలో ఇమిడిపోయే ఒక దిమ్మ.

అంతకు ముందు మిక్సీకి మిక్సీ మోటారు, ఫ్యానుకి ఫ్యాను మోటారు ఉండేవి. ఒకటి కాలిపోతే సామానంతా తెచ్చి గెడ్డ ఒడ్డున పారేసేవారు. ఆ గుట్ట పెరిగి పెరిగి, వానలు పడితే దాని కింద నుంచి తుప్పు రంగు నీళ్ళు దిగేవి. గేదెలు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. ఆ తర్వాత తిరుగుడు దిమ్మలు వచ్చాయి. ఇప్పుడు ఇంట్లో ఉన్న సామానంతా ఒట్టి గుల్లలే. తిప్పే దిమ్మ ఒకటి, వేడి దిమ్మ ఒకటి, కరెంటు దాచుకునే దిమ్మ ఒకటి. తిప్పే దిమ్మను మిక్సీ గుల్లలో పెడితే పచ్చడి రుబ్బుతుంది, ఫ్యాను గుల్లలో పెడితే గాలి విసురుతుంది, తోటలో మందు కొట్టే డబ్బాలో పెడితే అక్కడా తిరుగుతుంది. అది ఎవరి సొంతమూ కాదు. కొన్నాళ్ళు ఒక ఇంట్లో పని చేసి, ఊరు మారి, ఇంకో ఇంట్లో ఇంకో సామానులో చేరుతుంది. పూర్తిగా అరిగాక దిమ్మలు చేసే కేంద్రానికి పోయి, కరిగి, మళ్ళీ దిమ్మై వస్తుంది. పారేయడమన్నది లేదు. గెడ్డ ఒడ్డున గుట్ట కరిగిపోయింది. మూడో ఏటికి నీళ్ళలో ఉలస చేపపిల్లలు కనబడ్డాయి.

దిమ్మను గుల్లకి పట్టి ఉంచేది మేకు కాదు, మర కాదు. దాని ఒంటినిండా ఉల్లిపొరంత పల్చని పొర ఉంటుంది. ప్రాణమున్న దానిలాంటిది అది. గీత పడితే వారం తిరిగేసరికి తనంతట తనే పూడ్చుకుంటుంది. గుల్లకి ఆనితే కరుచుకుంటుంది. వదలమని చెప్పడానికి ఇంటింటికీ చిన్న ఇత్తడి గొట్టం ఒకటిచ్చారు. దాన్ని దగ్గర పెట్టి మీట నొక్కితే తుమ్మెద మోత లాంటిది వస్తుంది. ఆ మోత వినగానే, ముగ్గిన తాటిపండు తొడిమ వదిలినట్టు, దిమ్మ అరచేతిలో పడుతుంది.

కేంద్రం వాళ్ళిచ్చిన అలాంటి గొట్టమే పట్టుకుని పదకొండు ఊళ్ళు తిరిగేది సన్యాసాచారి భార్య దమయంతి. అతుకులు చూసే మనిషి అనేవారు ఆమెని. దిమ్మ గట్టిగా పట్టుకుందా, వణుకుతోందా, మార్చాలా అన్నది చూసి, బాగుంటే బాగుందని సంతకం పెట్టడం ఆమె పని. ఆమె సంతకం పెడితే ఆ ఊళ్ళలో మరో మాట ఉండేది కాదు.

సన్యాసాచారిది వేరే పని. తాతల నాడు బిందెలు, చెంబులు పోసిన చేతులవి. అతని కాలానికి మిగిలింది పేర్లు చెక్కడమే. పెళ్ళి సామాను మీద, పురిటి ఇంటికిచ్చిన గిన్నె మీద, చచ్చిపోయిన అత్తగారి పేర ముత్తయిదువులకు పంచే పళ్ళేల మీద, సన్న ఉలి ఆనించి చుక్క పక్కన చుక్క కొట్టి అక్షరం నిలబెట్టేవాడు. మనవైపు పేరు లేని గిన్నె పొరుగింటికి పోతే తిరిగి రాదు. పేరున్న గిన్నె పదిళ్ళు తిరిగైనా వస్తుంది. కొత్త సామాను కొనడం తగ్గాక అతని సుత్తి గూట్లోకి పోయింది. మాట తక్కువ మనిషి, దానికీ ఏమీ అనలేదు. వంట నేర్చుకున్నాడు. దమయంతి ఊళ్ళు తిరిగి వచ్చేసరికి అన్నం వండి ఉంచేవాడు.

అయితే ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఒకరోజు మధ్యాహ్నం, దమయంతి ఇంట్లో లేని వేళ చూసి, వీధి చివరింటి కోడలు దిమ్మను కొంగులో పెట్టుకుని వచ్చింది. పుట్టింటివాళ్ళు పెట్టిన మిక్సీ, లోపల మాత్రం ఊరూ పేరూ లేని దిమ్మ, చూస్తుంటే పరాయి మనిషిని వంటింట్లో పెట్టుకున్నట్టుందని చెప్పుకుంది. అడుగున, అతుకులు చూసే మనిషి కంట పడని చోట, తన పేరు వేసి పెట్టమంది. అతను ఆలోచించాడు. దిమ్మను నీళ్ళలో ముంచకూడదు, నిప్పుల్లో పెట్టకూడదు, పగలగొట్టి చూడకూడదు అని కేంద్రం వాళ్ళు ప్రతి ఇంటి గోడకీ కాగితం అంటించారు. పేరు వేయకూడదని మటుకు అందులో లేదు. తనది కాని దాని మీద పేరు వేయించుకునే జనం ఉంటారని ఆ రాసిన వాళ్ళకు తోచి ఉండదు.

వేశాడు. వారానికి ఆమె మళ్ళీ వచ్చింది, పేరు మాయమైపోయిందని. పొర పూడ్చేసుకుంది మరి. ఈసారి పొర దాటి లోపలి లోహానికి తగిలేలా లోతుగా కొట్టాడు. పైకి మళ్ళీ నున్నగా పూడుకుపోయినా పేరు లోపల ఉంటుంది, పోదు అని చెప్పి పంపాడు. ఆ మాట చాలింది. దమయంతమ్మ పెనిమిటే చెక్కుతున్నాడంటే దోషం ఎందుకుంటుంది అనుకున్నారు. రెండేళ్ళలో పదకొండు ఊళ్ళ నుంచీ వచ్చారు. అతను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. చేతికి పని దొరికింది, అదే పదివేలు. భార్యకు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, చెప్పే సందు రాలేదనుకునేవాడు. ఆ అనుకోవడంలో కొంచెం దొంగతనం ఉందని అతనికీ తెలుసు.

ఇసుకలపేటలో కూర్మయ్య చనిపోయిన నాటితో ఆ సందు మూసుకుపోయింది.

కూర్మయ్య డెబ్బై ఏళ్ళ మనిషి. ఊపిరితిత్తులు పాడై మూడేళ్ళుగా ఊపిరి మిషను మీద ఉన్నాడు. ఆ మిషనులో గాలి తోసేదీ తిప్పే దిమ్మే. ఇదివరలో ఎవరింట్లోనో పచ్చడి రుబ్బిన దిమ్మ. దమయంతి వెళ్ళినప్పుడల్లా మంచం మీద నుంచే హాస్యాలాడేవాడు. నా ఊపిరి పరీక్ష చేయడానికి వచ్చావా, నా కోడలి పచ్చడి పరీక్ష చేయడానికి వచ్చావా అనేవాడు. ఆమెకు తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఇసుకలపేట వంతు వచ్చిన రోజు కొంచెం ముందే బయల్దేరేది.

ఆమె చూసి సంతకం పెట్టిన పన్నెండో రోజు మధ్యాహ్నం ఆ దిమ్మ ఒక పక్క వదిలేసి ఇంకో పక్క వేలాడింది. మిషను ఆగింది. ఇంట్లోవాళ్ళు పెరట్లో ఉన్నారు.

కేంద్రం రాజాం దారిలో ఉంది. ఆ పొరను కనిపెట్టిన శర్వాణి గారు అక్కడే ఉంటారు. నలభై దాటిన మనిషి, దమయంతి అంటే గురి. ఈ పదకొండు ఊళ్ళలోనే దిమ్మలు ఇలా ఒరిగిపోతున్నాయని ఎనిమిది నెలలుగా ఆవిడ తలబద్దలు కొట్టుకుంటోంది. మిగతా జిల్లాల్లో ఎక్కడా లేదు. ఈ నీళ్ళలో ఉప్పుందేమో అని ఉప్పు నీళ్ళలో నానబెట్టింది. జీడితొక్కల పొగేమో అని పొగలో ఉంచింది. పగలు కాల్చి, రాత్రి చల్లార్చి చూసింది. పొర చెక్కు చెదరలేదు. ఇన్నాళ్ళూ ఆగింది మిక్సీలూ ఫ్యానులూ కనుక గడిచింది. ఇప్పుడు మనిషి పోయాడు. పైవాళ్ళు వచ్చి కూర్చుని, కారణం దొరక్కపోతే మనిషిని చూపించాలి కనుక, సంతకం పెట్టిన మనిషిని చూపించారు. సోమవారంలోగా గొట్టం అప్పగించమన్నారు. శర్వాణి గారు ఎదురు చెప్పి చూసింది. ఆఖరికి, కూర్మయ్య మిషనులోని దిమ్మను దమయంతి చేతిలో పెట్టి, నీకు తట్టేది ఏమైనా ఉందేమో ఇంటికి తీసుకెళ్ళి చూడమంది.

దమయంతి దాన్ని సాయంత్రం దాకా చూసింది. నున్నగా, కడిగిన నేరేడు గింజలా ఉంది. వంటింటి గట్టు మీద పెట్టి, పెరట్లోకి పోయి, నూతి చప్టా మీద కూర్చుంది. మూడు రోజులుగా ఆమె సరిగా తినలేదు.

సన్యాసాచారి అన్నం వార్చడానికి గిన్నె దించాడు. మూత వేసి, గుడ్డ పట్టి, వంచాడు. గంజి ధారకట్టింది. గుప్పున లేచిన ఆవిరి గట్టు మీదున్న దిమ్మను కప్పింది.

గిన్నె నిలబెట్టి చూసేసరికి దిమ్మ అడుగున చెమ్మ పట్టింది. చెమ్మ అంతటా ఒకేలా పట్టలేదు. ముందు చుక్కలు చుక్కలుగా పట్టింది. చుక్క పక్కన చుక్క. ఆ చుక్కలు కలిసి అక్షరాలయ్యాయి. ఆ అక్షరాల వంపు ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళికూతురికి వేసి ఇచ్చిన పేరు అది.

భుజం మీది తువ్వాలు తీసి తుడిచాడు. ఒక్క తుడుపుకి పోయింది. దిమ్మ మళ్ళీ నున్నన. ఎనిమిది నెలలుగా అంత చదువుకున్న వాళ్ళకు చిక్కనిది, తను నోరు మెదపకపోతే ఇంకెవరికీ చిక్కదు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని కాదు. అన్నం గిన్నె మూత తీసి, దిమ్మను మళ్ళీ ఆవిరి మీద పట్టాడు. పేరు మళ్ళీ వచ్చింది.

దాన్ని అలాగే రెండు చేతుల్లో పట్టుకుని నూతి దగ్గరకు వెళ్ళాడు. చెమ్మ ఆరిపోతుందేమోనని నోటితో ఊదుతూ వెళ్ళాడు.

"సూడు," అన్నాడు. "ఇది నాను సెక్కినది."

దమయంతి చదివింది. అతని మొహం చూసింది. అతను నిలబడే చెప్పాడు, మొదటి నుంచీ, వీధి చివరింటి కోడలు వచ్చిన దగ్గర నుంచీ. అంత పొడుగు మాట అతను పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో మాట్లాడలేదు. అయిపోయాక ఆమె దిమ్మను అతని చేతిలోంచి తీసుకుంది. నూతి గిలక మీద కాకి వచ్చి వాలి, ఎగిరిపోయింది.

"కూర్మయ్య తాత నన్ను అమ్మీ అని పిలిచేవాడు బావా," అంది ఆఖరికి. "ఎన్ని చెక్కావు?"

"నూట ముప్పై."

"గుర్తున్నాయా?"

"సెక్కినోడికి మరుపెలాగొస్తాది."

"అయితే వరసన చెప్పు. మొదటిది ఎవరిది?"

అతను తల దించుకున్నాడు. మొదటిది వీధి చివరింటి కోడలిది కాదు. ఆమె అడిగాక, దిమ్మ మీద ఉలి ఆగుతుందో జారుతుందో అని ముందు తన ఇంట్లో ఫ్యాను దిమ్మ తీసి చూశాడు. ఏదో ఒక పేరు కొట్టాలి కదా అని కొట్టలేదు. ఆ పేరే కొట్టాలని కొట్టాడు, అది పూడుకుపోతే మళ్ళీ లోతుగా కొట్టాడు.

"నీది," అన్నాడు.

ఆ దిమ్మ నిరుడు వంతు తిరిగి ఆ ఇంటి నుంచి వెళ్ళిపోయింది. తన చేత్తోనే దాన్ని విప్పి పంపిన సంగతి దమయంతికి గుర్తుకొచ్చింది. అది ఎక్కడికి పోయిందో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వెళ్ళారు. శర్వాణి గారి బల్ల మీద కరెంటు కెటిల్ ఒకటుంటే, సన్యాసాచారి దానిలో నీళ్ళు పోసి మరిగించి, దిమ్మను మూతి దగ్గర పట్టాడు. పేరు పైకి తేలింది. ఆవిడ లేచి నిలబడింది. కాసేపటికి తనలో తను అనుకుంటున్నట్టు అంది: గీత పడిన చోట పొర పూడుకోవడానికి లోపలికి వేళ్ళు పెంచుకుంటుంది, అక్కడ మందం, మందమున్న చోట చెమ్మ ముందు పడుతుంది. వదలమన్నప్పుడు నున్నటి భాగం వదులుతుంది, వేళ్ళు దిగిన భాగం వదలదు. ఒరుగుతుంది. దిమ్మ నాలుగిళ్ళు మారేసరికి, ప్రతి విప్పుకీ, ప్రతి అతుక్కీ కొంచెం కొంచెం చిరుగుతూ వచ్చి, ఒకనాడు తెగుతుంది. ఉప్పు చూశాను, పొగ చూశాను అంటూ ఆవిడ కుర్చీలో కూలబడింది. నవ్వింది కూడా కొంచెం. కళ్ళు మాత్రం నవ్వలేదు.

"ఎందుకు ఆచారిగారూ?" అని అడిగింది. "ఇది అందరిదీ అని కదా చేశాం."

సన్యాసాచారి దిమ్మను బల్ల మీద పెట్టాడు. "అందరిదీ అంటే ఎవులిదీ కాదనుకున్నారమ్మా ఆడోలు. పేరుంటే కాస్త ఒళ్ళు దగ్గరెట్టుకుని వాడతారు. మీరు సెడిపేసినారని నాను అనను. నాను సెడిపినాను. అది రాసుకోండి."

రాయక తప్పదని, రాస్తే అతనికి ఏమవుతుందో తను చెప్పలేనని ఆవిడ అంది. పూర్తి పేరుతో రాయమన్నాడు. దమయంతి మధ్యలో కల్పించుకోలేదు. కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఇంటి దగ్గర నుంచి అక్కడిదాకా స్కూటరు మీద అతని వెనక కూర్చుని వచ్చింది కానీ, ఎప్పటిలా భుజం మీద చెయ్యి వేయలేదు. అతనికి ఆ భుజం దగ్గరే చలిగా ఉంది.

ముందు మిగిలిన దిమ్మలు చేతికి రావాలి. ఏ నెంబరు దిమ్మ ఎక్కడుందో కేంద్రానికి తెలుసు. ఏ దిమ్మ మీద పేరుందో తెలియదు. సన్యాసాచారికి పేర్లు తెలుసు, నెంబర్లు తెలియవు. అతను కళ్ళు మూసుకుని పేరు, ఊరు, ఏ పండగ ముందు వేశాడో చెబుతుంటే, దమయంతి ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఉన్న నెంబరు తన పుస్తకంలోంచి తీసేది, శర్వాణి గారు ఆ నెంబరు ఇప్పుడు ఎక్కడుందో చూసేది. మధ్యాహ్నానికి జాబితా తయారైంది. ముందు ఊపిరి మిషన్లూ, పాలు చల్లగా ఉంచే పెట్టెలూ, ఆ తర్వాత మిగతావి.

నాలుగు రోజులు తిరిగారు. జీపు ఒకటి, ఆవిరి కెటిల్ ఒకటి. జనం తిట్టారు, నవ్వారు కూడా. తాళ్ళవలసలో ఒకావిడ మిక్సీ దిమ్మకు ఆవిరి పడితే ఎవరో చిట్టెమ్మ పేరు తేలింది. "రెండేళ్ళ నుంచీ నా సేత పప్పు రుబ్బించుకుంటన్నాది ఈ చిట్టెమ్మా?" అంది ఆవిడ. "దానింటికి పదండి, నా పేరు దానింట్లో ఏటి రుబ్బుతున్నాదో సూసొస్తాను." నిజంగానే జీపెక్కి వచ్చింది. ఆవిడా చిట్టెమ్మా కలుసుకుని, వక్కా ఆకూ వేసుకుంటూ కూర్చున్నారు, జీపు ముందుకు పోయింది.

నూట ఇరవైతొమ్మిది దొరికాయి. ఆఖరిది చింతలగూడలో ఉంది. కొండ మీద సవర గిరిజనుల ఊరు. జాబితాలో అన్నిటికన్నా ముందు రాసుకున్నదే, కానీ మూడు రోజులుగా కొండ మీద వాన. గెడ్డ పొంగి దారి తెగింది. తెరిపి ఇవ్వగానే జీపు వెళ్ళినంత మేర వెళ్ళి, అక్కడ నుంచి భార్యాభర్తలిద్దరూ నడిచారు. దమయంతి సంచిలో కొత్త దిమ్మ, గొట్టం, చేత్తో నొక్కే ఊపిరి తిత్తి ఉన్నాయి. సన్యాసాచారి మొలలో సన్న ఉలి ఉంది. అది ఎందుకు పట్టుకొచ్చాడో అతనికే తెలియదు. ఇంకో మిషను మొయ్యడానికి లేదు, ఆ మాటకొస్తే కేంద్రంలో ఇంకో మిషనే లేదు. దిమ్మ మారిస్తే పోయేదానికి రెండో మిషను ఎందుకని, అదీ ఒక దండగని, తిరుగుడు దిమ్మలు వచ్చాక అదనపు సామాను చేయడమే మానేశారు.

ఆ దిమ్మ ఉన్నది చామంతి ఊపిరి మిషనులో. ఆమెకు ఇరవయ్యారేళ్ళు. జ్వరం వచ్చి ఊపిరితిత్తులు చచ్చుబడ్డాయి. గొంతుకు అమర్చిన గొట్టంతో గోడవారగా మంచం మీద ఉంది. మిషను పక్కనే ఉంది. దాని మోత విన్నాక దమయంతి మొహం మారింది. ఎప్పుడూ ఉండే సన్నని మోతకు బదులు, ముక్కు పట్టేసిన వాడి గురకలా ఉంది. నిన్నటి నుంచీ ఇలాగే ఉందని చామంతి మొగుడు మంగయ్య చెప్పాడు. దిమ్మ అప్పటికే ఒక పక్క ఉలి మొనంత ఎడంగా లేచి ఉంది.

దమయంతి ఇత్తడి గొట్టం దగ్గర పెట్టి మీట నొక్కింది. దిమ్మ వణికింది. వదల్లేదు. ఇంకోసారి నొక్కింది. పట్టి లాగితే మిషను గుల్ల పగులుతుంది. వదిలేస్తే సాయంత్రానికి తనే తెగుతుంది.

"లోన దిగిన ఏళ్ళు కొయ్యాలి," అన్నాడు సన్యాసాచారి. "ఎడంలోంచి ఉలి పోతాది. నాను ఎక్కడెక్కడ దిగ్గొట్టినానో నాకు తెలుసు."

"కనిపించదు బావా."

"కొట్టినప్పుడు మాత్రం సూసి కొట్టినానేటి. సెయ్యికి తెలుసు."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. తర్వాత మంగయ్యకు చెప్పాల్సింది చెప్పి, మిషను ఆపి, చామంతి గొంతు దగ్గర గొట్టానికి తిత్తి తగిలించింది. రెండు అంకెలకు నొక్కింది, మూడు అంకెలకు వదిలింది. చామంతి కళ్ళు దమయంతి మొహం మీదే ఉన్నాయి. మోత ఆగిపోయిన ఆ గదిలో తిత్తి చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

సన్యాసాచారి నేల మీద బోర్లా పడుకుని, ఉలిని ఎడంలోకి దించాడు. కళ్ళు మూసుకున్నాడు. పేరు మొదలెట్టిన చోటికి ఉలి మొన చేర్చి, రెండేళ్ళ కిందట ఆ అక్షరం ఏ వైపు నుంచి ఏ వైపుకి కొట్టాడో ఆ దారినే మళ్ళీ నడిచాడు. ఒక్కో చుక్క దగ్గరా ఒక్కో వేరు, మునగకాడ లోపలి నార తెగినట్టు, సన్నగా టిక్కుమని తెగింది.

"ద అయ్యింది," అన్నాడు.

ఒకటి, రెండు. నొక్కింది. ఒకటి, రెండు, మూడు. వదిలింది.

"మ తోక కాడున్నాను."

చామంతి నుదుటి మీద చెమట పట్టింది. మంగయ్య తన అంగీ అంచుతో అద్దుతున్నాడు. దమయంతి చేతులు లాగుతున్నాయి. పట్టు మారితే లెక్క తప్పుతుందని మార్చలేదు. యం దగ్గర సున్నా ఉంది. దాని చుట్టూ వేళ్ళు కంకణంలా పెరిగాయి, ఉలి ఎటు నుంచి పెట్టినా జారుతోంది. ఆనాడు ఆ సున్నాను ఎంతో ముద్దుగా, మిగతా అక్షరాలకన్నా రెండు చుక్కలు ఎక్కువ వేసి గుండ్రంగా దిద్దాడు. ఇప్పుడు ఆ రెండు చుక్కల దగ్గరే ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది ఆమె, అంకెల మధ్యలోనే.

"నీ సున్నా," అన్నాడు. "ఒగ్గడం నేదు."

"నెమ్మదిగా తిప్పు. నేను ఆపను."

అతను ఉలిని చిటికెన వేలి కింద ఆనించి, ఊపిరి బిగబట్టి, గింజ చుట్టూ తిరిగిన చీమలా తిప్పాడు. టిక్కుమంది. మరోటి. తి గుడి రెండు చుక్కలే. దిమ్మ అతని అరచేతిలో పడింది, వేడిగా.

కొత్త దిమ్మ గుల్లకు ఆనగానే కరుచుకుంది. మిషను సన్నని మోత అందుకుంది. చామంతి ఛాతీ దానంతట అది లేచింది, దిగింది. దమయంతి తిత్తి తీసి పక్కన పెట్టింది. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మంచం పక్కన కూర్చుంది. సన్యాసాచారి ఆ చేతులు తీసుకుని, కొలిమి దగ్గర తన తండ్రి తనకు పట్టినట్టు, మణికట్ల దగ్గర నుంచి వేళ్ళ దాకా గట్టిగా నిమిరాడు. ఆమె లాక్కోలేదు.

కొండ దిగుతుంటే ఆమె అడిగింది, నాకు ఎందుకు చెప్పలేదని. చెబితే చెరిపించేసేదానివని అన్నాడు. అవును, చెరిపించేదాన్ని అని ఒప్పుకుంది. ఇంకొంత దూరం నడిచాక, ఇసుకలపేట ఎప్పుడు వెళ్తావని అడిగింది. ఇప్పుడే అన్నాడు. తను కూడా వస్తానంది. వద్దన్నాడు. అయినా వచ్చింది.

వాళ్ళు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. కూర్మయ్య భార్య ఆదెమ్మ వాకిట్లో ఉంది. చుట్టూ కొబ్బరి పీచు. కూర్మయ్యది తాళ్ళు పేనే పని, మంచం పట్టాక కూడా ఒక కొస వేలికి చుట్టుకుని పడుకునే పురి పెట్టేవాడట. వాకిలి పొడవునా సగం పేనిన తాడు ఒకటి, ఒక కొస పాతిన రాటకు కట్టి, రెండో కొస రాయి కింద నొక్కి ఉంది. ఆయన పోయిన రోజు నుంచీ అలాగే ఉన్నట్టుంది.

సన్యాసాచారి చెప్పులు విడిచి, వాకిట్లో నిలబడి చెప్పాడు. నూతి దగ్గర భార్యకు చెప్పినంత పొడుగ్గా కాదు. నాలుగు మాటల్లో చెప్పాడు. దిమ్మ మీద పేరు తను చెక్కాడని, ఆ చెక్కిన చోటే అది తెగిందని, దమయంతి సంతకంలో తప్పు లేదని. కాగితం మీద రాసి ఇచ్చాడని, కేసు పెడితే తను లేదనడని.

ఆదెమ్మ అతని చేతుల వైపు చూసింది. మొహం చూడలేదు. తర్వాత దమయంతి వైపు చూసింది.

"నిన్ను తిట్టుకున్నాను అమ్మీ," అంది. "ఇన్నాళ్ళూ పొద్దున్న లెగిసి నిన్నే తిట్టుకున్నాను."

దమయంతి ఆమె పక్కన పీచులో కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు, శబ్దం లేకుండా. సన్యాసాచారి నిలబడే ఉన్నాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

కాసేపటికి ఆదెమ్మ ముక్కు చీదుకుని లేచింది. రాయి తీసి, దాని కింద ఉన్న తాడు కొస పట్టుకుని అతని దగ్గరకు వచ్చింది. ఆ చేతులనే ఇంకోసారి చూసి, కొసను వాటిలో పెట్టింది.

"ఇది ఒక్కరితో అయ్యే పని కాదు నాయినా. ఎనక్కి నడు. నాను పీచు అందిస్తాను."

అతను వెనక్కి ఒక అడుగు వేశాడు. తాడు బిగిసింది. అతనికి ఆ పని రాదు. పురి ఎటు తిప్పాలో తెలియక అటూ ఇటూ తిప్పాడు. ఆమె కోప్పడకుండా, కుడికి అని చెప్పింది. కుడికి తిప్పాడు. అరచేతుల్లో పీచు గరగరలాడింది. ఆమె రాట దగ్గర కొత్త పీచు కలిపింది, అతను ఇంకో అడుగు వెనక్కి వేశాడు. వాకిలి దాటి వీధిలోకి వచ్చాడు. ఎదురింటివాళ్ళు బయటకు వచ్చి చూస్తున్నారు.

"ఒగ్గీకు," అంది ఆదెమ్మ, అవతలి కొస నుంచి. "ఒగ్గితే పురి అంతా ఇప్పుకుపోద్ది."

అతను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.